41వ ర్యాంకుకి యూటీ ఆస్టిన్ వస్తుందా?

ప్రశ్న: అక్కా నమస్తే. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా పాప 11వ గ్రేడ్. చిన్నప్పట్నుంచీ యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) అంటే ప్రాణం, అక్కడ కంప్యూటర్ సైన్స్ చేయాలని కోరిక, అక్కడి కంప్యూటర్ సైన్స్ వాళ్ళ గేట్స్ డెల్ బిల్డింగ్ ముందు దిగిన ఫోటోనే ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. క్లాసులో 520 మంది, తన ర్యాంకు 41. కాలేజీ ఎంట్రన్స్ టెస్ట్ ఎస్ఏటీలో 1600కి 1480. క్లబ్బులు చాలానే ఉన్నాయి, నేషనల్ ఆనర్ సొసైటీ, డెకా అనే బిజినెస్ క్లబ్, రోబోటిక్స్, హాస్పిటల్ వాలంటీరింగ్. కూచిపూడి చాలా ఏళ్ళు నేర్చుకుంది, ర్యాంకు కోసం పోయినేడు మాన్పించాం. ఆదివారాలు గుళ్ళో అన్నప్రసాదం దగ్గర సాయం చేస్తుంది, అక్కడ ఎన్ని ప్లేట్లు అయ్యాయో ఏవో లెక్కలు రాసుకుంటూ కూర్చుంటుంది, అదంతా టైమ్ వేస్ట్ అని మా ఆయన గొడవ. ఇప్పుడు టాప్ 5 శాతంలో ఉంటేనే సీటు అంటున్నారు. చిన్న ఊరి స్కూలుకి మారిస్తే ర్యాంకు పెరుగుతుందని ఒకరు, ఇండియన్ పిల్లలకి ఎలాగూ ఇవ్వరని ఇంకొకరు, 6 వేల డాలర్లు కడితే కన్సల్టెంట్ అన్నీ చూసుకుంటాడని మరొకరు చెప్తున్నారు. మేం హెచ్ వన్ వర్క్ వీసా మీద ఉన్నాం, పాపది మా మీద ఆధారపడిన హెచ్ ఫోర్. ఉన్నదున్నట్టు చెప్పండి అక్కా, మా పాపకి ఛాన్స్ ఎంత?

సమాధానం: చెల్లెమ్మా, ముందు మీరడిగినదానికి సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడున్న పరిస్థితి ప్రకారం యూటీ ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ రావడం కష్టం. రాదు అనట్లేదు, కష్టం అంటున్నాను, వచ్చే అవకాశం కంటే రాకపోయే అవకాశమే ఎక్కువ అనుకుని ఇంట్లో అందరూ మనసు సిద్ధం చేసుకోవాలి. అదే యూటీలో వేరే మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) అయితే కొంచెం మెరుగు. ఇంతకు మించి ఎవరైనా "మీ పాపకి ఇన్ని శాతం ఛాన్స్" అని నంబర్ చెప్తే, డబ్బులు తీసుకుని చెప్పినా ఊరికే చెప్పినా, నమ్మకండి, ఎందుకంటే ఆ నంబర్ లెక్కగట్టడానికి కావాల్సిన సమాచారం యూనివర్సిటీ బయట ఎవరి దగ్గరా లేదు.

మనతో వచ్చిన చిక్కేంటంటే మన బుర్రల్లో ఎంసెట్ కౌన్సెలింగ్ అలాగే ఉండిపోయింది. ర్యాంకు చెప్తే చాలు, పోయినేడు ఏ కాలేజీ ఏ బ్రాంచ్ ఎక్కడ క్లోజ్ అయిందో చూసి వస్తుందో రాదో పక్కింటాయన కూడా చెప్పేసేవాడు, అది అలవాటైపోయి ఇక్కడ కూడా 41 అనగానే ఎక్కడో ఒక గీత ఉంటుంది, దానికి ఇటా అటా అని వెతుకుతాం. యూటీలో గీత ఒకటి ఉన్న మాట నిజమే, కానీ అది యూనివర్సిటీ గేటు దగ్గర గీత, కంప్యూటర్ సైన్స్ తలుపు దగ్గరది కాదు. ఆ రెండూ వేరు అని అర్థమైతే మీ సగం కంగారు తగ్గుతుంది, మిగతా సగం సరైన చోటికి మళ్ళుతుంది.

గేటు సంగతి ముందు చూద్దాం. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు జాతిని బట్టి అడ్మిషన్లు ఇవ్వకూడదని తీర్పు చెప్పాక, 1997లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో ఏ హైస్కూల్లో అయినా సరే టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకి స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా అడ్మిషన్ అని. అందరూ ఆస్టిన్‌కే ఎగబడేసరికి మొత్తం సీట్లు వాళ్ళతోనే నిండిపోయే పరిస్థితి వచ్చింది, అందుకని 2009లో ఒక్క యూటీ ఆస్టిన్‌కి మాత్రం వెసులుబాటు ఇచ్చారు, టెక్సస్ పిల్లల సీట్లలో 75 శాతం వరకే ఆటోమేటిక్ వాళ్ళతో నింపితే చాలు అని. ఆ 75లో సరిపెట్టడానికే ఏటా పర్సెంట్ జరుపుతుంటారు. చాలా ఏళ్ళు 6 దగ్గర ఉంది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ళ నుంచి 5 చేశారు. ఏటా సెప్టెంబర్‌లో అప్పటి జూనియర్లకి, అంటే 11వ గ్రేడ్ పిల్లలకి వర్తించే పర్సెంట్ ప్రకటిస్తారు, మీ స్కూల్ కౌన్సెలర్‌ని అడిగితే మీ పాప బ్యాచ్‌కి ఎంతో చెప్తుంది. 5 శాతమే అనుకుంటే 520లో 26వ ర్యాంకు వరకు. మీ పాప 41, అంటే దాదాపు 7.9 శాతం. గీత బయట ఉంది, అందులో దాపరికం ఏమీ లేదు.

బయట ఉన్నవాళ్ళకి ఎంత మిగుల్తుందో కూడా చూడండి. చట్టం ప్రకారం ఆస్టిన్ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) సీట్లలో 90 శాతం టెక్సస్ వాళ్ళకి, బయటి రాష్ట్రాలకీ దేశాలకీ కలిపి 10. వంద సీట్లు అనుకుంటే 90 మనవి, అందులో 75 శాతం అంటే 67, 68 ఆటోమేటిక్ పిల్లలకి పోతాయి, ఇంకో 22, 23 సీట్ల కోసం మీ పాపలాంటి వాళ్ళందరూ, అంటే టెక్సస్‌లో మంచి స్కూళ్ళలో చదివి ఆ 5 శాతం కొద్దిలో తప్పిన పిల్లలందరూ పోటీ. 2024 ఫాల్‌కి దాదాపు 73 వేల దరఖాస్తులొస్తే ఆ తర్వాతి ఏడాదికి 90 వేలు దాటాయి. నెట్‌లో యూటీ యాక్సెప్టెన్స్ రేటు 30 శాతం దగ్గర్లో అని చూసి ధైర్యం తెచ్చుకోకండి, అందులో ఆటోమేటిక్ పిల్లలు కూడా కలిసే ఉంటారు, వాళ్ళని తీసేస్తే మిగిలే రేటు చాలా తక్కువ.

ఇది అన్యాయం కదా అక్కా, మా స్కూల్లో 41 అంటే వేరే చోట 5 అవుతుంది అని మీరనుకుంటున్నారని తెలుసు, ఫ్రిస్కో, ప్లేనో, కొపెల్ వైపు ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా తల్లిదండ్రుల మాటలు ఇవే. నాకైతే అన్యాయం అనిపించదు. మన దగ్గర 2008లో ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పదో తరగతి మార్కుల మీదే సీట్లు ఇచ్చి, ప్రభుత్వ బడి పిల్లలకి అదనంగా పాయింట్లు కలిపారు కదా, నూజివీడుకో బాసరకో సీటొచ్చిన పల్లెటూరి పిల్లల్ని చూసి మనమంతా సంతోషించాం. ఇదీ అదే ఆలోచన. మెక్సికో బోర్డర్ దగ్గర రియో గ్రాండే వ్యాలీలో చదివే పిల్లకి మీ పాపకున్న కోచింగూ లేదు, దగ్గరుండి చదివించే ఇంజనీర్ నాన్నా ఉండకపోవచ్చు, వాళ్ళ స్కూల్లో ఆ పిల్ల ఫస్ట్ వస్తే ఆస్టిన్ తలుపు తెరుచుకోవాలి. అది ఒప్పుకుంటేనే మనం ఏడుపు ఆపి మన పని చూసుకోగలం.

అందుకే స్కూలు మార్చే ఆలోచన ఇక్కడితో వదిలేయండి. న్యాయం సంగతి పక్కన పెట్టినా అది పనిచేయదు. 11వ గ్రేడ్ మధ్యలో మారితే చాలా డిస్ట్రిక్టుల్లో ఇన్నాళ్ళు ఇక్కడ చదివితేనే ర్యాంకులో లెక్కేస్తాం అనే రూల్స్ ఉంటాయి, పాత స్కూల్లో చేసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సులకి కొత్త చోట అదే వెయిట్ ఇస్తారన్న నమ్మకం లేదు, పైగా రెండు మూడేళ్ళుగా మీ పాపని చూసిన టీచర్లు, కౌన్సెలర్ అందరూ పోతారు. రికమెండేషన్ రాయమంటే నిన్నగాక మొన్న చూసిన పిల్ల గురించి ఎవరేం రాస్తారు?

ఇప్పుడున్న స్కూల్లోనే ర్యాంకు పెంచుదాం అంటారా, అక్కడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అప్పటికే ఐదు సెమిస్టర్ల మార్కులు కలిసిపోయిన జీపీఏ అది, ఒక్క సెమిస్టర్ ఎంత బాగా రాసినా కదిలేది కొంచెమే, పైగా 41 నుంచి 26కి రావాలంటే మధ్యలో ఉన్న పదిహేను మంది తప్పటడుగు వేయాలి, వాళ్ళు కూడా అన్నీ ఏపీలే తీసుకుని అన్నింట్లో ఏ తెచ్చుకుంటున్న పిల్లలే. జూన్ దాకా మార్కులు జారకుండా చూసుకుంటే చాలు. అప్పుడు వచ్చే ర్యాంకే అప్లికేషన్‌లోకి వెళ్తుంది. కానీ ర్యాంకు కోసం ఇంకో రెండు ఏపీలు నెత్తినేసి నిద్ర లేకుండా చేయడం మాత్రం వద్దు. కూచిపూడి మాన్పించారన్న వాక్యం చదివినప్పుడు నాకు బాధేసింది. ఆర్కెస్ట్రాకి, డ్యాన్స్‌కి వెయిట్ ఉండదు కాబట్టి అవి తీస్తే జీపీఏ పెరుగుతుందని మన ఏరియాలో చాలామంది చేస్తున్న పనే ఇది, వచ్చేది పాయింట్‌లో ఎన్నో వంతు, పోయేది మాత్రం ఏళ్ళ తరబడి కష్టపడి తెచ్చుకున్న విద్య. పాపకి ఇష్టమైతే మళ్ళీ పంపండి, అప్లికేషన్ కోసం కాదు, ఆ పిల్లకి అది కావాలి కాబట్టి.

ఎస్ఏటీ గురించి రెండు ముక్కలు. కోవిడ్ తర్వాత కొన్నాళ్ళు యూటీ స్కోరు అడగలేదు, 2025 ఫాల్ అడ్మిషన్ల నుంచి మళ్ళీ తప్పనిసరి చేసింది, స్కోరు ఇచ్చి చేరిన పిల్లలు మొదటి సెమిస్టర్లో ఇవ్వనివాళ్ళ కంటే జీపీఏలో 0.86 పైన ఉన్నారని యూనివర్సిటీయే చెప్పింది. 1480 మంచి స్కోరే, సిగ్గుపడాల్సింది కాదు, కానీ కంప్యూటర్ సైన్స్‌కి పోటీపడే పిల్లల్లో 1500 దాటినవాళ్ళు బోలెడుమంది. ఎండాకాలంలో ఇంకోసారి రాయించండి, ముఖ్యంగా మ్యాథ్స్‌లో ఎక్కడ పోయిందో చూసుకోమనండి. దాని తర్వాత ఇక మూడోసారి నాలుగోసారి అని వెంటపడొద్దు, 1510కి 1530కి తేడా చూసి సీటిచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో క్లబ్బుల లిస్టు మొత్తం చదివాను, నేషనల్ ఆనర్ సొసైటీ, డెకా, రోబోటిక్స్, హాస్పిటల్, ఇవన్నీ ఉన్న పిల్లలు మీ పాప స్కూల్లోనే ఓ వంద మంది ఉంటారు, అప్లికేషన్ చదివేవాళ్ళకి ఆ లైన్లు చూసీ చూసీ కళ్ళు అలవాటైపోయి ఉంటాయి. నన్ను ఆపేసింది మీరు ఫిర్యాదులా రాసిన ఆ ఒక్క వాక్యం, గుళ్ళో ప్లేట్ల లెక్కలు రాసుకుంటుందని. ఏం రాసుకుంటోందో ఎప్పుడైనా అడిగారా? నాకైతే ఊహించడం కష్టం కాలేదు, గుడి వంటశాలలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుసు, ప్రతి ఆదివారం ఉండే బాధ ఒకటే, ఎంతమంది వస్తారో తెలీదు. లాంగ్ వీకెండ్ అయితే ఊళ్ళోవాళ్ళంతా బయటికి పోతారు, మన డాలస్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ గేమ్ ఉన్న మధ్యాహ్నం జనం పలచబడతారు, ఉగాది దగ్గరపడితే పార్కింగ్‌కే చోటుండదు, చుట్టాలెవరైనా ఇండియా నుంచి వచ్చిన సీజన్‌లో పెద్దవాళ్ళ సంఖ్య పెరిగి పులిహోర కంటే దద్దోజనం ముందు అయిపోతుంది. వండేవాళ్ళు అనుభవంతో ఒక అంచనా వేస్తారు, ఒక్కోసారి పెద్ద గిన్నె నిండా మిగిలిపోతుంది, ఒక్కోసారి లైన్లో వెనకున్నవాళ్ళకి చిన్న గరిటెడే పడుతుంది. మీ పాప అక్కడ నిలబడి ఎన్ని ప్లేట్లు పోయాయో రాస్తోందంటే ఆ పిల్ల ఒక నిజమైన సమస్యని పట్టుకుంది, డేటా సేకరిస్తోంది, ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా, సర్టిఫికెట్ లేకుండా. కంప్యూటర్ సైన్స్ ఎందుకు అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు ఏ సమ్మర్ ప్రోగ్రామ్‌లో దొరుకుతుంది చెప్పండి?

యూటీ అప్లికేషన్‌లో పెద్ద ఎస్సే కాకుండా, ఎంచుకున్న మేజర్ మీద నీకెందుకు ఆసక్తి అని అడిగే చిన్న ప్రశ్న ఉంటుంది. ఆటోమేటిక్ కానివాళ్ళకే కాదు, ఆటోమేటిక్‌గా గేటు దాటిన పిల్లలకి కూడా కంప్యూటర్ సైన్స్ ఇవ్వాలా వద్దా అని చూసేటప్పుడు ఇలాంటివి చదువుతారు. అక్కడ మన పిల్లల్లో ఎక్కువమంది రాసేది ఒకటే, చిన్నప్పుడు నాన్న ల్యాప్‌టాప్ చూశాను, స్క్రాచ్‌లో గేమ్ చేశాను, ఏఐ ప్రపంచాన్ని మారుస్తోంది అని. మీ పాప మాత్రం తన నోట్‌బుక్ తెరిచి, తన అంచనా బాగా తప్పిన ఒక ఆదివారం గురించి రాస్తే చాలు. ఎంత అనుకుంది, ఎంతమంది వచ్చారు, ఎందుకు తప్పింది, తర్వాత వారం లెక్కలోకి కొత్తగా ఏం తీసుకుంది, వంట చేసే పెద్దావిడ ఆ షీట్ చూసి నమ్మిందా లేదా. ఆవిడ నమ్మకపోతే అది ఇంకా బాగుంటుంది, ఒక మనిషి ఏళ్ళ అనుభవానికీ ఎక్సెల్ షీట్‌కీ మధ్య ఏం జరిగిందో రాయొచ్చు. కోడ్ ఇంకా రాయలేదంటే ఈ ఎండాకాలం చక్కటి పని దొరికినట్టే, పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి వచ్చే ఆదివారానికి అంచనా ఇవ్వనివ్వండి, తప్పులు రానివ్వండి, గుడి కమిటీ వాళ్ళు వాడుకుంటారేమో అడగనివ్వండి. దీనికి డాలర్ ఖర్చు లేదు. వేలకు వేలు పోసి పేరు గొప్ప రీసెర్చ్ క్యాంపులకి పంపేకంటే ఇది వంద రెట్లు మేలని నేను నమ్మి చెప్తున్నాను.

మీ ఆయన గారికి కూడా ఈ మాట చెప్పండి. ఆయన్ని తప్పు పట్టడానికి కాదు, ఆయన భయం నాకర్థమవుతుంది, ఇక్కడికొచ్చి ఇంత కష్టపడింది పిల్ల చదువు కోసమే కదా, ఒక్క గంట కూడా వృథా కాకూడదని తపన. కానీ టైమ్ వేస్ట్ అని ఆయన అంటున్న ఆ గంటలే ఇప్పుడు మీ పాప దగ్గర ఇంకెవరి దగ్గరా లేని వస్తువు.

కన్సల్టెంట్‌కి 6 వేలు కట్టొద్దు. కాలేజీల లిస్టు, తేదీలు, ఫారాలు ఇవన్నీ స్కూల్ కౌన్సెలర్ ఊరికే చెప్తుంది, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళడమే మన పని. ఎస్సే సంగతికొస్తే, పెద్దవాళ్ళు దిద్దిన ఎస్సే చూడగానే తెలిసిపోతుంది, పదిహేడేళ్ళ పిల్ల గొంతు పోయి ఎవరో మేనేజర్ ప్రజెంటేషన్ ఇస్తున్నట్టు ఉంటుంది. చాట్‌జీపీటీతో రాయిస్తే ఇంకా ఘోరం, అన్నీ ఒకేలా నున్నగా ఉంటాయి. పాపనే రాయనివ్వండి, మీరు చదివి ఒకే ఒక్క ప్రశ్న అడగండి, "ఇది నువ్వేనా?" అని. స్పెల్లింగులు ఇంగ్లిష్ టీచర్ చూస్తే సరిపోతుంది.

ఇండియన్ పిల్లలకి ఇవ్వరు అన్న మాట. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తేల్చేసింది. దానికి ముందు యూటీ మీదే ఫిషర్ కేసు ఏళ్ళ తరబడి నడిచి 2016లో యూనివర్సిటీ గెలిచింది, ఆ అమ్మాయి కూడా టాప్ 10 శాతం బయట ఉండి మీ పాప ఉన్న లైన్లోనే నిలబడిన పిల్ల. ఇప్పుడు ఆ చర్చే లేదు. క్యాంపస్‌లో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఈ మాట దయచేసి పాప ముందు అనొద్దు, నా పుట్టుకే నాకు అడ్డం అని ఆ వయసులో మనసులో పడితే అది పోదు.

ఇప్పుడు తలుపు, అంటే మేజర్. ముందే చెప్పినట్టు గేటు లోపలికి వచ్చినంత మాత్రాన కంప్యూటర్ సైన్స్ రాదు, టాప్ 5లో ఉన్న పిల్లలు కూడా చాలామంది అది రాక వేరేది తీసుకుంటున్నారు. అందుకే "ముందు ఏదో ఒక మేజర్‌లో దూరి తర్వాత మారదాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, లోపల్నుంచి కంప్యూటర్ సైన్స్‌కి మారడం బయట్నుంచి రావడం అంత కష్టం, మారలేక నాలుగేళ్ళు ఇష్టం లేనిది చదివే పిల్లలున్నారు. కానీ పాపతో కూర్చుని అడగండి, తనకి కావాల్సింది ఆస్టిన్ ఊరా, కంప్యూటర్ సైన్స్ డిగ్రీయా అని. గుళ్ళో చేస్తున్న పని చూస్తే ఆ పిల్లకి మనుషుల అవసరాల చుట్టూ ఉండే డేటా అంటే ఇష్టం ఉన్నట్టుంది, యూటీలో 2021 నుంచి ఇన్ఫర్మాటిక్స్ అని మేజర్ ఉంది, మ్యాథ్స్ ఉంది, ఆ కోర్సుల పేజీలు తనే చదివి నచ్చితే అప్పుడు పెట్టుకోవచ్చు. నచ్చకపోతే కంప్యూటర్ సైన్సే మొదటి ఛాయిస్‌గా పెట్టి, రాకపోతే వేరే యూనివర్సిటీలో అదే చదవడం నా దృష్టిలో మంచి దారి. ఏ మేజర్ చదవాలన్నది యూనివర్సిటీ పేరు కంటే పెద్ద నిర్ణయం.

వేరే యూనివర్సిటీ అంటే మీ ఉత్తరంలో ఒక్క పేరు కూడా లేదు, అది నన్ను కంగారు పెట్టింది. మీ పాప టాప్ 10 శాతంలో ఉంది చెల్లెమ్మా! ఆస్టిన్ ఒక్కదానికే 5 శాతం, మిగతా స్టేట్ యూనివర్సిటీలకి పాత 10 శాతం చట్టమే. స్కూల్లో డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ (ఆటోమేటిక్ అడ్మిషన్‌కి కావాల్సిన కోర్సుల స్థాయి) పూర్తవుతోందో లేదో ఒకసారి కౌన్సెలర్‌ని అడిగి ఖాయం చేసుకోండి, అది ఉంటే టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో, యూటీ డాలస్‌లో అడ్మిషన్ చట్టప్రకారం తనది. ఏ అండ్ ఎమ్‌లో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ కాలేజీలో ఉంటుంది, ఇంజనీరింగ్ సీటు మాత్రం వేరే లెక్క కాబట్టి అప్లికేషన్ తెరవగానే పెట్టేయాలి, ఆలస్యం చేయొద్దు. మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజనీరింగ్‌లోనే ఉండి ఆ మార్కుల్ని బట్టి బ్రాంచ్ తీసుకుంటారు, 3.75 జీపీఏ తెచ్చుకుంటే కోరుకున్న బ్రాంచ్ వస్తుంది, అందుకని అక్కడికి వెళ్తే మొదటి సెమిస్టర్ నుంచే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదవాలి.

యూటీ డాలస్‌ని మాత్రం ఇంటి పక్కన కాలేజీ కదా అని చులకన చేయకండి, ఈ మాట మన వాళ్ళ నోట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులు గ్రీన్, జాన్సన్, మెక్‌డెర్మట్ ముగ్గురూ ఇంజనీర్లు ఇక్కడే తయారవ్వాలని పెట్టిన రీసెర్చ్ సెంటరే 1969లో యూనివర్సిటీ అయింది, 1958లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (చిప్) చేసింది ఆ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోనే. కంప్యూటర్ సైన్స్ పెద్ద డిపార్ట్‌మెంట్, చుట్టూ రిచర్డ్‌సన్, ప్లేనోలో కంపెనీలే, మెరిట్ స్కాలర్‌షిప్పులు ఉదారంగా ఇస్తారు. మీ పాప పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు స్కూల్లో రాసే టెస్ట్) బాగా రాసుంటే, ఆ స్కోరు మీద ఇచ్చే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి సెమీఫైనలిస్టుల పేర్లు సెప్టెంబర్‌లో వస్తాయి, అయితే స్టేటస్ రూల్స్‌లో హెచ్ ఫోర్ పిల్లలకి వర్తిస్తుందో లేదో చదువుకోండి. ఈ రెండు క్యాంపస్‌లకీ పాపని తీసుకెళ్ళండి, ఆస్టిన్‌కి తీసుకెళ్ళినంత సరదాగా, అక్కడ కూడా ఫోటో దిగనివ్వండి. రాకపోతే ఇక్కడ పడేస్తాం అన్నట్టు మాట్లాడితే రేపు అక్కడే చేరాల్సి వచ్చినప్పుడు ఓడిపోయినదానిలా మొదటి రోజు క్లాసులో కూర్చుంటుంది.

ఆస్టిన్ వాళ్ళు సీటివ్వలేమని చెప్తూ కొంతమందికి క్యాప్ అని ఒక ఆఫర్ పంపుతారు, శాన్ ఆంటోనియోలాంటి వేరే యూటీ క్యాంపస్‌లో ఏడాది చదివి 30 క్రెడిట్లు, 3.2 జీపీఏ తెచ్చుకుంటే ఆస్టిన్‌కి రావచ్చని. చూడ్డానికి బాగుంటుంది, కానీ కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్‌కి అందులో హామీ లేదు. మీ పాప కోరికకి అది పనికిరాదు, ఆస్టిన్ అన్న పేరు చూసి ఆశపడొద్దు.

తేదీలు చెప్తాను. ఆగస్టు 1 నుంచి అప్లికేషన్ తెరుస్తారు. యూటీ ఎర్లీ యాక్షన్ ఆఖరి తేదీ అక్టోబర్ 15, జవాబు జనవరి 15 లోపు, రెగ్యులర్ అయితే డిసెంబర్ 1, జవాబు ఫిబ్రవరి 15 లోపు. ఎర్లీలోనే పెట్టండి, కట్టుబడి చేరాలన్న షరతేమీ లేదు. స్కూల్ మొదలయ్యాక ఏపీ క్లాసుల మధ్య ఎస్సే రాయడం నరకం, జులైలోనే మొదటి డ్రాఫ్ట్ అయిపోయేలా చూసుకోమనండి.

చివరిగా వీసా, దీని గురించి మీరు ఒక్క ముక్కలో రాశారు గానీ నా లెక్కలో ఇది ర్యాంకు కంటే పెద్ద విషయం. టెక్సస్‌లో హెచ్ వన్, హెచ్ ఫోర్ కుటుంబాలు కూడా ఇక్కడ స్థిరంగా ఉంటున్నట్టు చూపించి ఇన్‌స్టేట్ ఫీజు పొందొచ్చు, ఆస్టిన్‌లో అది ట్యూషన్ వరకే ఏడాదికి సుమారు 11 నుంచి 14 వేల డాలర్లు, బయటివాళ్ళకి 40 వేలు దాటుతుంది. ఫెడరల్ ఎయిడ్ హెచ్ ఫోర్ పిల్లలకి రాదు. అసలు చిక్కు ఏంటంటే 21 నిండితే హెచ్ ఫోర్ ఉండదు, అది సరిగ్గా కాలేజీ మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో వస్తుంది, మన గ్రీన్‌కార్డ్ లైను ఎంత పొడుగో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా హెచ్ ఫోర్ మీద పిల్లలు పనిచేయకూడదు, తోటి పిల్లలంతా రెండో ఏడాది తర్వాత పెయిడ్ ఇంటర్న్‌షిప్పులకి వెళ్తుంటే మీ పాప ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది, కంప్యూటర్ సైన్స్‌లో ఇంటర్న్‌షిప్ లేకుండా ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో మీ ఇద్దరికీ తెలుసు. అందుకే చాలామంది ముందే ఎఫ్ వన్ స్టూడెంట్ వీసాకి మారతారు, దాంతో సీపీటీ, ఓపీటీ (చదువుతుండగా, చదువయ్యాక పనిచేసే అనుమతులు) దారి తెరుచుకుంటుంది, కానీ మారితే ఇన్‌స్టేట్ ఫీజు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఆస్టిన్, ఏ అండ్ ఎమ్, యూటీ డాలస్ మూడింటి రెసిడెన్సీ ఆఫీసులకీ ఈ ఎండాకాలంలోనే ఈమెయిల్ పెట్టండి, పాప హెచ్ ఫోర్ మీద చేరి మధ్యలో ఎఫ్ వన్‌కి మారితే ఫీజు ఎలా లెక్కేస్తారని, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది వద్దు. కన్సల్టెంట్‌కి ఇద్దామనుకున్న దాంట్లో కొంచెం తీసి ఒక మంచి ఇమిగ్రేషన్ లాయర్‌తో గంట మాట్లాడండి, మీ ఐ-140 ప్రయారిటీ డేటు (గ్రీన్‌కార్డ్ లైన్లో మీ స్థానం చెప్పే తేదీ), పాప పుట్టినతేదీ రెండూ ముందు పెట్టి. ఈ లెక్క తేలకుండా మే 1కి ఏ యూనివర్సిటీకీ డిపాజిట్ కట్టకండి.